మూతలు చల్లిన చేను

మూడో రోజు మధ్యాహ్నానికి ఇమ్మాకొలాతాకు తల ప్రాణం తోకకు వచ్చింది.

జూలై నెల. గోధుమ కోసేసిన చేలో కొయ్యకాళ్ళు చీలమండల్ని గీరేస్తున్నాయి. ఇటలీలోని ఫోజా మైదానంలో ఆ వేళప్పుడు కుక్కలు కూడా నీడ వదిలి రావు. ఇమ్మా మాత్రం భుజాలకు చట్రం తగిలించుకుని, దానికున్న రెండు పొడవాటి గొట్టాలను మోసుకుంటూ, పరిచిన తాడు వెంట అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు సోమవారం పొద్దుటి నుంచి నడుస్తూనే ఉంది. ఆమెకు యాభై ఒకటో ఏడు. ఈ వయసులో చదువుకున్న వాళ్ళు కుర్చీలో కూర్చుని సంతకాలు పెడతారని వాళ్ళమ్మ ఫోన్ చేసినప్పుడల్లా గుర్తు చేస్తుంది.

ఆమె పురావస్తు పరిశోధకురాలు. పని వినడానికి తేలిక. తవ్వకుండా నేల కింద ఏముందో చెప్పాలి. కాలిన ఇటుక, పాత పొయ్యి, పూడిపోయిన కాలువ, ఇవి నేలలోని అయస్కాంత బలాన్ని పిసరంత మారుస్తాయి. ఆ పిసరును గొట్టాలు పసిగడతాయి. సాయంత్రం కంప్యూటర్‌లో వేసి చూస్తే కిందున్నదంతా బూడిదరంగు బొమ్మగా తేలుతుంది. ఈ చేలో తేలాల్సింది రెండువేల ఏళ్ళ నాటి ఒక రోమన్ రైతు ఇల్లు. పదకొండేళ్ళ కిందట వానలు పడని ఏడాది విమానం నుంచి తీసిన ఫొటోలో, పచ్చి గోధుమ మధ్య ఎండు గీతలుగా ఆ ఇంటి మూల ఒకటి ఆమె కళ్ళారా చూసింది. ఉందని కాగితం మీద రాసి ఇచ్చింది కూడా.

ఇప్పుడు ఊరి చుట్టూ వేసే కొత్త రోడ్డు సరిగ్గా ఆ మూల మీదుగా పోతోంది. వచ్చే మంగళవారం అధికారుల ముందు బొమ్మ పెడితే రోడ్డు పక్కకు జరుగుతుంది. పెట్టలేకపోతే గోడల మీదుగా పోతుంది. రోడ్డు కంపెనీ ఇంజనీరు కుచ్చారీ అప్పుడే నవ్వుతున్నాడు. "ఫొటోలో గీతలు మా ఆవిడ చేతిలో కూడా ఉన్నాయి డాక్టర్‌గారూ" అన్నాడు పోయిన నెల సభలో, పదిమంది ముందు.

మరి తెర మీద తేలిందేమిటి? చికెన్‌పాక్స్. నల్ల చుక్క, పక్కన తెల్ల చుక్క, మళ్ళీ నల్ల చుక్క. చేను మొత్తం ఒళ్ళంతా పొక్కినట్టుంది. గోడ లేదు, పొయ్యి లేదు, ఒక్క గీత లేదు.

మొదటి రోజు తనను తానే అనుమానించింది. ఈ యంత్రం మోసేవాళ్ళ ఒంటి మీద ఇనుము ఉండకూడదు. బెల్టు తీసేసి ప్యాంటును నాడాతో కట్టుకుంది. గుండీల చొక్కా మానేసింది. లోపలి బట్టల కొక్కేలు కూడా కత్తిరించి ముడేసుకుంది, ఆ మాట ఎవరికీ చెప్పలేదు. రెండో రోజు గొట్టాలను అనుమానించింది. మూడో రోజు దేవుణ్ణి అనుమానించి, చట్రం దించి, చుక్కలున్న చోట మోకాళ్ళ మీద కూర్చుని చిన్న తాపీతో గీకింది.

నాలుగు వేళ్ళ లోతులో తుప్పు పట్టిన సీసా మూత వచ్చింది. బీరు సీసాకు ఉండేలాంటి అంచు ముడతల మూత. అరగజం జరిగి గీకితే ఇంకొకటి. ఇంకో అరగజం జరిగితే రెండు, ఒకదాన్నొకటి కరుచుకుని.

చేను యజమాని పేరు పొతీతో. ఆయన అంజూరపు చెట్టు నీడలో కూర్చుని ఈ తతంగమంతా చూస్తున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళవాడు, ఎండు కట్టెలా ఉంటాడు. రోడ్డు తన చేను మీదుగా పోకూడదని ఏడాదిగా కనపడిన ప్రతి బల్ల మీదా గుద్దుతున్నది ఆయనే. ఇమ్మా గుప్పెడు మూతలు పట్టుకుని ఆయన ముందు నిలబడింది.

"బాబాయ్, ఏంటిది?"

"మూత."

"మూతని నాకూ తెలుసు. చేలో ఎందుకుంది?"

"చల్లాను గనక."

ఇమ్మా కళ్ళు మూసుకుని తెరిచింది. "ఎందుకు చల్లారు?"

"దొంగలకి." పొతీతో ముఖంలో గర్వం తొంగిచూసింది. "ఇనుమో రాగో తగిలితే కుయ్యి కుయ్యి అనే కర్రలేసుకొని వచ్చేవాళ్ళు చూడూ, పాత నాణేలు తవ్వుకుపోయేవాళ్ళు. ఎనభై ఆరులో ప్రొఫెసరుగారు వచ్చి, పొతీతో, నీ చేలో రోమనోళ్ళ ఇల్లుంది, కాపాడు అన్నాడు. నేనేం తుపాకీ పట్టుకొని కూచోగలనా? ప్రతి ఏడూ దుక్కి దున్నేటప్పుడు ఇన్ని మూతలు చల్లేవాణ్ణి. మూత మూతకీ కర్ర కుయ్యిమంటది. వాళ్ళు తవ్వీ తవ్వీ నడుములు పట్టేసి, నన్నూ నా పుట్టుకనీ తిట్టుకుంటా పోయేవాళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్క నాణెం పోలా!"

"నా టమాటా గుజ్జు మూతలే అవి" అంది ఆయన భార్య ఇంకొరొనాతా గుమ్మంలోంచి. ప్రతి ఆగస్టులో ఏడాదికి సరిపడా టమాటా గుజ్జు బీరు సీసాల్లో పట్టి, మూతలు బిగించి, పెద్ద డేగిసాలో ఉడకబెట్టడం ఆ ఇంట్లో పెళ్ళంత పని. "మూడొందల సీసాలమ్మాయ్, ఏడాదికి. విప్పిన మూత ఒక్కటి పారెయ్యనిచ్చేవాడు కాదు. డబ్బాలో ఏరి పెట్టాలి. చుట్టాలింటికి పోయినా జేబులో ఏసుకొచ్చేవాడు."

ఏడాదికి మూడు వందలు, ముప్పై మూడేళ్ళు. ఇమ్మా లెక్క వేయబోయి మానేసింది. వేస్తే ఏడుపొస్తుందని తెలుసు.

"సోమవారం నుంచీ ఈ గొట్టాలు మోసుకుని ఎండలో చస్తున్నాను. మీరు ఆ చెట్టు కింద కూర్చుని చూస్తూనే ఉన్నారు. ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"అడగందే అమ్మైనా పెట్టదు. నువ్వడగలా."

"ఏమని అడగాలి? బాబాయ్, మీ చేలో పదివేల మూతలు గాని చల్లారా అని అడగాలా?"

"నీ మిషను మీద యూనివర్సిటీ ముద్రుంది గదమ్మా. అంత చదువుకున్న మిషనుకి గోడకీ మూతకీ తేడా తెలీదని నాకేం తెలుసు?"

కంచే చేను మేసిందంటారు. ఈ కంచె మేయలేదు పాపం, కాపలా కాసీ కాసీ ఇంటి యజమానికి కూడా దారి లేకుండా చేసింది. ఇమ్మాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోటి దాకా వచ్చిన మాటలన్నీ మింగి, కారు వైపు నడిచింది. డిక్కీలో రెండో పరికరం ఉంది.

అది పాత కాలపు మొండి సరుకు. రెండు ఇనుప మేకులున్న చట్రం. మీటరుకొకసారి నేలలో గుచ్చాలి. మేకుల్లోంచి కరెంటు పోతుంది. తడి మట్టి ఆ కరెంటును పోనిస్తుంది, రాతి గోడ అడ్డుకుంటుంది. ఎక్కడ ఎంత అడ్డుకుందో రాసుకుంటూ పోతే గోడ దొరుకుతుంది. మూతల్ని అది లెక్కచేయదు. అంతా బాగానే ఉంది గాని, నేలలో తడి ఉండాలి. జూలైలో ఆ చేను చపాతీ పెనంలా ఉంది. ఇమ్మా మేకు గుచ్చి చూస్తే టంగుమని తిరిగి వచ్చింది.

"నీళ్ళు కావాలి" అంది చెట్టు కిందికి తిరిగి వచ్చి. "చేనంతా సమంగా తడపాలి. రెండు రోజులు."

పొతీతో ఇంటి వెనక్కి చూశాడు. కాలువ నీళ్ళలో ఆయన వంతు గురువారం, శుక్రవారం. మళ్ళీ వంతు రావడానికి పన్నెండు రోజులు. ఇంటి వెనక ఆరు చాళ్ళ టమాటా కాయ పట్టి, రంగు తిరగబోతోంది. ఇంకొరొనాతాకు ఇద్దరి ముఖాలూ చూడగానే విషయం అర్థమైపోయింది.

"ఏమయ్యా, నీళ్ళు ఖాళీ కొయ్యకాళ్ళకి పోస్తావా? నా టమాటా ఎండబెట్టి? ఏడాదంతా నూడుల్స్ మీద ఏం పోసుకు తింటావు, రోమనోళ్ళనా?"

"రోడ్డొచ్చినాక టమాటా ఏడ పెడతావు, తారు మీదా?"

"మూతలు చల్లేటప్పుడు లేదా ఈ తెలివి?"

"చల్లినప్పుడు నువ్వే గదా డబ్బాలో ఏరి పెట్టింది!"

అరగంట అరుచుకున్నారు. మధ్యలో ఇమ్మాను కూడా ఇద్దరూ చెరో మాటా అన్నారు. గురువారం పొద్దున ఇమ్మా వచ్చేసరికి చేలో నీళ్ళు చిమ్మే గొట్టాలు తిరుగుతున్నాయి. ఇంటి వెనక టమాటా మొక్కలు తలలు వేలాడేశాయి. ఇంకొరొనాతా ఆ రెండు రోజులూ ఇమ్మాకు కాఫీ ఇచ్చింది గాని, చక్కెర వెయ్యలేదు.

శనివారం గుచ్చడం మొదలుపెట్టారు. చేను పెద్దదేం కాదు. దక్షిణాన పాతకాలపు గొర్రెల బాట, ఉత్తరాన పొతీతో వంటిల్లు, మధ్య డెబ్భై మీటర్లు. మీటరుకొక గుచ్చు, చాలుకు డెబ్భై, నలభై చాళ్ళు. పొతీతో ఒక కొసన, ఇంకొరొనాతా ఇంకో కొసన తాడు జరిపారు. ఆమె ఆదివారం పూజ నుంచి నేరుగా వచ్చి, "పండగ పూట కూడా గుచ్చుడేనా, పాపం తగులుద్ది" అని తిడుతూనే, చర్చికి వేసుకెళ్ళిన బూట్లతో బురదలోకి దిగింది. పొతీతో చాలు చాలుకూ "దొరికిందా?" అని అడిగాడు. "సాయంత్రం దాకా ఏమీ తెలియదు బాబాయ్" అని ఇమ్మా నలభైసార్లు చెప్పింది. నలభై ఒకటోసారి చెప్పలేదు, పళ్ళు కొరికింది.

ఆదివారం సాయంత్రం వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టి ముగ్గురూ కూర్చున్నారు. బొమ్మ కింది నుంచి పైకి మెల్లగా పరుచుకుంది.

గొర్రెల బాట పక్కనే తేలింది. పన్నెండు మీటర్ల పొడవున, గీసిపెట్టినట్టుగా, వరసగా మూడు గదులు. తూర్పు గదిలో గుండ్రటి తొట్టి. ద్రాక్షరసం పట్టిన తొట్టే అయి ఉంటుంది. ఇమ్మా కుర్చీలోంచి లేచి ఇంకొరొనాతాను వాటేసుకుంది. పదకొండేళ్ళుగా తన మాటను ఎగతాళి చేసినవాళ్ళందరి ముఖాలూ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. "చూశావా పిన్నీ! గుమ్మం చూడు, ఇదిగో గుమ్మం!" ఇంకొరొనాతా ఏమీ కనపడకపోయినా తలూపింది.

బొమ్మ ఇంకా పైకి పరుచుకుంటోంది. మూడు గదుల తర్వాత గోడలు ఉన్నపళంగా ఆగిపోయాయి. తెగ్గొట్టినట్టు ఆగిపోయాయి. అక్కణ్ణుంచి వంటింటి దాకా ఏమీ లేదు. ఒకే దిక్కుకు సాగిన మసక చారలు, దువ్వెనతో దువ్వినట్టు.

ఇమ్మాకు ఆ చారలు తెలుసు. ఈ జిల్లాలో సగం చేలల్లో చూసింది. ద్రాక్ష వేయడానికి మీటరు లోతున పెద్ద నాగలితో పెళ్ళగిస్తే అలా పడతాయి.

"బాబాయ్" అంది. "లోతు దుక్కి ఎప్పుడు దున్నించారు?"

పొతీతో బల్ల మీది రొట్టె ముక్కలు వేలితో ఒకచోటికి చేర్చసాగాడు.

"డెబ్భై తొమ్మిదిలో" అంది ఇంకొరొనాతా. "ఆ ద్రాక్ష ఆరేళ్ళు కూడా బతకలా. అప్పుడు రాళ్ళు వచ్చినాయి చూడూ, బండ్లకి బండ్లు. ఇదిగో, నీ వెనకాల గోడ ఆ రాళ్ళే. పందుల కొట్టమూ అదే."

"నాకేం తెలుసు?" పొతీతో ముక్కల్ని చేరుస్తూనే అన్నాడు. "రాయి నాగలికి అడ్డమొచ్చింది, తీసేశా. బాట పక్కన నాగలి తిరగదు గనక ఆ ముక్క మిగిలింది. ప్రొఫెసరు ఏడేళ్ళ తర్వాత గదా వచ్చి చెప్పింది. ఆయనకి నేను చెప్పలా. సిగ్గేసి చెప్పలా. చెడగొట్టిందేదో నేను చెడగొట్టా, ఇంకోడి చెయ్యి పడనీకూడదనుకున్నా. ఆ మూతలు అందుకు."

ఇమ్మా కోపమంతా ఎటో పోయింది, జాలి మిగిలింది. జాలి కూడా ఎంతోసేపు నిలవలేదు, ఎందుకంటే పొతీతో వెంటనే తెర మీద వేలు పెట్టాడు.

"గీసెయ్యమ్మా. నేను చెప్తా. ఇక్కణ్ణుంచి ఇక్కడికి ఒక పెద్ద గోడ. ఇక్కడ నల్లా తెల్లా చిన్న రాళ్ళు పరిచిన నేల. ఇది బావి. ఈ కళ్ళతో చూశా. మా గుమ్మం దాకా ఉండేదా ఇల్లు. ఉన్నదే గీస్తావు, అబద్ధమేం గాదు."

"ఉండేది బాబాయ్. ఇప్పుడు లేదు. నేను ఉన్నది గీస్తాను."

"ఎవరు చూడొచ్చారు? ఎవరన్నా తవ్వుతారా ఏంది?"

"నేను చూశాను కదా!" ఇమ్మా గొంతు లేచింది. "లేనిదాన్ని ఒక్క గీత గీశానంటే రేపు ఉన్నది గీసినా ఎవడూ నమ్మడు. ఆ కుచ్చారీ నవ్విన నవ్వు నిజమైపోతుంది. ఈ మూడు గదులు చాలు. పన్నెండు మీటర్లున్నా చట్టం చట్టమే. రోడ్డు జరగాల్సిందే. నా మీద నమ్మకం లేకపోతే ముందే చెప్పాల్సింది."

"నమ్మకం లేకనా నీళ్ళు పెట్టింది?" అన్నాడు పొతీతో.

మంగళవారం సభలో ఇమ్మా బొమ్మను గోడ మీద వేసింది. మూడు గదులు, తొట్టి, గుమ్మం. ఉత్తరం వైపు భాగం గురించి నివేదికలో రాసినదే పైకి చదివింది: లోతు దుక్కి వల్ల పూర్తిగా చెదిరిపోయింది, కాపాడదగినదేమీ మిగల్లేదు. పురావస్తు అధికారిణి తలూపింది. గోడల మీదుగా రోడ్డు వేయడానికి వీల్లేదంది. ఇమ్మా కుచ్చారీ ముఖం వైపు చూసింది. ముడుచుకుపోయి ఉంటుందనుకుంది. ఆయన చిరునవ్వుతో మ్యాపు పరుస్తున్నాడు.

"చేతులెత్తి దండం పెట్టాలి మీకు" అన్నాడు. "నిజంగా చెబుతున్నాను, ఇంత శుభ్రమైన బొమ్మ నేను చూడలేదు. చేనంతా గోడలుంటే మా పని అయిపోయేది, కాలువ అవతల నుంచి తిప్పుకు రావాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరం లేదు. దక్షిణానికి జరగలేం, గొర్రెల బాట కూడా రక్షిత స్థలమే. ఉత్తరానికి జరుపుతాం, గోడల నుంచి యాభై మీటర్లు వదలాలని నిబంధన. అక్కడేం లేదని మీరే రాశారుగా."

ఇమ్మా మ్యాపు వైపు వంగింది. యాభై మీటర్లు. రోడ్డు వెడల్పు ఇరవై. పొతీతో వంటిల్లు బాటకు డెబ్భై మీటర్లలోనే ఉంది.

"అక్కడ ఇల్లుంది" అంది.

"ఉందండీ, రైతుది. చూశాం."

"మనుషులున్న ఇల్లు!"

"మనుషులున్న ఇంటికి నష్టపరిహారం ఇవ్వొచ్చు డాక్టర్‌గారూ. మీ రోమనోళ్ళ ఇంటికి ఇవ్వడానికి వీల్లేదు. చట్టం చట్టమే కదా."

ఆమె అరిచింది. బల్ల గుద్దింది. ఇల్లు పోతుందని ముందే ఎందుకు చెప్పలేదని అడిగింది. "గోడలు ఎక్కడిదాకా ఉన్నాయో మీరు చెబితే కదా మాకు తెలిసేది" అన్నాడు కుచ్చారీ. ఆయన మాటలో ఎక్కడా తప్పు దొరకలేదు, అదే ఆమెకు భరించరానిదైంది. అధికారిణి గడియారం చూసుకుంది. అభ్యంతరాలకు అరవై రోజుల గడువుందని రాసుకున్నారు.

ఇమ్మా నేరుగా పొతీతో ఇంటికి వెళ్ళింది. దారి పొడవునా కుచ్చారీని తిట్టింది, చట్టాన్ని తిట్టింది, అన్నిటికన్నా ఎక్కువగా తన నోటిని తిట్టుకుంది. ముసలాళ్ళిద్దరూ ఇంటి వెనక ఎండిపోయిన టమాటా మొక్కల్లో, బతికిన నాలుగు కాయలు ఏరుతున్నారు. నాన్చితే చెప్పలేనని ఆమెకు తెలుసు. నిలబడే చెప్పేసింది. గోడలు నిలిచాయి. రోడ్డు జరిగింది. ఈ ఇంటి మీదికి జరిగింది.

ఇంకొరొనాతా చేతిలో బుట్ట కింద పెట్టి, దాని పక్కనే కూలబడింది.

"తప్పు నాదే" అంది ఇమ్మా. "మీరు చెప్పినట్టు గీసి ఉంటే రోడ్డు కాలువ అవతలికి పోయేది. ఆ కుచ్చారీయే అన్నాడు. నేను నీతులు చెప్పాను. వకీలుని పెడదాం బాబాయ్, అరవై రోజులుంది, ఆ మనిషిని ఊరికే వదలను..."

పొతీతో చెయ్యెత్తి ఆపాడు. చేను వైపు, గొర్రెల బాట దగ్గర్నుంచి వంటింటి గుమ్మం దాకా, మెల్లగా చూపు నడిపించాడు.

"ఆ ఇంజనీరుని తిట్టబాకమ్మా. నువ్వు గీసింది తప్పు గాదు. ఆ గోడలు మా గుమ్మం దాకా ఉండేయి గదా. ఉన్నట్టయితే రోడ్డు ఇటు వచ్చేది గాదు. డెబ్భై తొమ్మిదిలో నేనే అడ్డం లేకుండా తీసేశా. వాళ్ళు తారు పోసేది ఇప్పుడు. దారి దున్నింది నేను."

కాదని చెప్పాలనుకుంది ఇమ్మా. కానీ తాను గీసిన బొమ్మ కూడా సరిగ్గా అదే చెబుతోంది. వెళ్ళి ఇంకొరొనాతా పక్కన తానూ కూర్చుని, బుట్టలో కాయల్ని పచ్చివీ పండినవీ వేరు చేయడం మొదలుపెట్టింది.